కాలిన టార్చి పట్టుకుని పాలమూరుకు

గద్వాల వెళ్లొచ్చానంటే మా తెనాలిలో అందరూ ముందు చీరల గురించే అడుగుతారు. ఎన్ని తెచ్చావు, జరీ ఎలా ఉంది, అక్కడైతే చవకేనా అని. నేను ఒక్క చీరా కొనలేదు. నేను వెళ్లింది ఒక టార్చిలైటు కోసం.

అరచేతిలో ఇమిడిపోయే నల్లటి అల్యూమినియం గొట్టం అది. ముందున్న అద్దాన్ని లాగితే వెలుగు సన్నబడి దూరం పోతుంది, తోస్తే గదంతా పరుచుకుంటుంది. పోయిన శీతాకాలం మా ఎలక్ట్రికల్ కొట్లో బాగా అమ్ముడుపోయిన సరుకు అదే. అందులో ఒకటి శ్రీను చేతిలో పేలింది.

శ్రీను నిమ్మకాయల యార్డులో బస్తాలు మోస్తాడు. వేకువనే పనికి బయల్దేరుతూ ఛార్జింగు నుంచి తీసి మీట నొక్కాడట, అంతే. కుడి అరచెయ్యి కాలిపోయింది. అతను ఆసుపత్రిలో ఉండగానే భార్య నాగమణి మా కొట్టుకొచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కౌంటరు ముందు నిలబడి, "ఇది ఎవరు తయారుచేశారో చెప్పండి" అంది.

పెట్టె మీద ఇండియాలో తయారైందని ఉంది తప్ప కంపెనీ పేరు లేదు, ఊరు లేదు. సరుకు తెప్పించడం మావారి పని, కౌంటరు నా పని. నాగమణి ముందే ఆయన్ను అడిగితే "సెల్లుతో సహా అలాగే వచ్చింది. ఏజెంటు తెచ్చాడు. మనకేం తెలుసు?" అన్నారు. ఏజెంటుకు ఫోన్ చేస్తే "గద్వాల పార్టీ అండీ" అని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

సగం అట్టపెట్టె సరుకు ఇంకా కొట్లోనే ఉంది. అమ్మేసినవి ఎవరెవరి ఇళ్లలోనో, ఏ మంచం పక్కనో ఛార్జింగుకు పెట్టి ఉంటాయి. ఆ ఆలోచనకు నాకు నిద్ర పట్టలేదు. నేనే వెళ్తానన్నాను. "అంత దూరం దేనికి రాజ్యం, అనవసరంగా" అని మావారు రెండు మూడుసార్లు అన్నారు. నా ఆరోగ్యం గురించే అనుకున్నాను.

నాగమణి కూడా వస్తానంది. శ్రీను దగ్గర వాళ్లక్కను కూర్చోబెట్టి, సంచీ సర్దుకుని స్టేషనుకొచ్చేసింది. "మీరొక్కరే వెళ్తే అక్కడ వాళ్లతో ఏం మాట్లాడుకుంటారో నాకెలా తెలుస్తుందండీ?" అంది నా మొహం మీదే.

నా మనసూ తెల్లగా ఏమీ లేదు. శ్రీను సొంతంగా ఎక్కడో దొరికిన సెల్లు వేసుకుని ఉంటాడని నా అనుమానం. పేలిన టార్చిని ఆమె తువ్వాలులో చుట్టి తన సంచీలోనే ఉంచుకుంది. ఒకసారి చూపించమంటే "చూడాల్సిన చోట చూపిస్తాను" అంది. కొట్లో మిగిలిన వాటిలోంచి రెండు టార్చిలు నా సంచీలో ఉన్నాయి. అలా ఒకరి సంచీని ఒకరం గమనించుకుంటూ బయల్దేరాం.

గద్వాలలో బ్యాటరీ అంటే వేరు

గద్వాలలో దిగేసరికి పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. బస్టాండు దగ్గర బండి మీద వగ్గాని పెడుతున్నారు. బొరుగులు నానబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టేది. పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీ రెండు. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ అదే కడుపు నింపే టిఫిను. బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కన్నడం కలిపి మాట్లాడుకుంటున్నారు. నాగమణి ఆ బజ్జీ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కారానికే అనుకుంటాను, అడగలేదు.

కోట వైపు వెళ్లే బజారులో ఒక కొట్లో "బ్యాటరీలు ఉన్నాయా?" అని అడిగాను. అతను ఒక టార్చి తీసి ముందు పెట్టాడు. "ఇది కాదు, బ్యాటరీ" అన్నాను. ఇంకో పెద్ద టార్చి తీశాడు. చివరికి తెలిసిందేమిటంటే, అక్కడ టార్చినే బ్యాటరీ అంటారు. లోపల వేసేది సెల్లు. ఇంత చిన్న మాట దగ్గరే ఇలా తప్పితే ఇక అసలు సంగతి ఎలా రాబడతానా అనిపించింది.

పెద్ద వీధిలో టార్చిలు హోల్‌సేల్‌గా అమ్మే కొట్టు తిమ్మన్నది. నా సంచీలోంచి టార్చి తీసి బల్ల మీద పెట్టగానే ఆయన ముందు దాన్ని చూడలేదు, మా ఇద్దరి చెప్పుల దగ్గర్నుంచి తల దాకా చూశాడు.

"యాడికెల్లి వచ్చిండ్రు?"

"తెనాలి నుంచండీ."

"ఆఫీసరమ్మలా?"

కాదన్నాను. నమ్మలేదు. వెనకనున్న అట్టపెట్టెను కాలితో మెల్లగా బల్ల కిందికి తోయడం నేను చూశాను. "గిది మా మాల్ కాదు. నాకు తెల్వదు" అని పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు నాగమణి ఒక డ్రైసెల్లు టార్చి కొంది. డబ్బిచ్చి, చిల్లర తీసుకుని, ఆ తర్వాత సంచీ మీద చెయ్యి వేసి చెప్పింది: "మా ఆయన చెయ్యి కాలిందండీ. ఎవరి మీదా కేసు పెట్టడానికి రాలేదు. ఇంకెవరి చెయ్యీ కాలకూడదని వచ్చాం."

నాకు ఆ మాట మీదా అనుమానమే వచ్చింది. కేసు పెట్టడానికే వచ్చిందని నేననుకుంటున్నాను. కానీ తిమ్మన్న పేపరు దించాడు.

"చూడమ్మా" అన్నాడు. "బ్యాటరీల మూడు తీర్లున్నయ్. డ్రైసెల్లుది ఒకటి. సెల్లు అయిపోతె కొత్తవి ఎయ్యాలె, ఖర్సు, గని పేలదు. రెండోది సీసం బ్యాటరీది, గోడకు పెట్టి ఛార్జింగ్ జేసేది. నాలుగు దినాలు ఇడిసిపెడితె సచ్చిపోతది. మూడోది గీ లిథియందే. వెలుతురు మస్తుగొస్తది. లోపల మంచి సెల్లుందా, దొంగ సెల్లుందా, అది దేవునికే ఎరుక."

"మరి ఇది ఎక్కడ తయారైంది?"

"వనపర్తి నుంచి వస్తది. బాలకిష్టయ్యను అడుగుండ్రి. నా పేరు మాత్రం జెప్పకుండ్రి."

వనపర్తికి మాకన్నా ముందే కబురు

బస్సులో మా పక్క సీట్లో కూర్చున్న ఒకాయన చాలా మర్యాదగా మాట కలిపాడు. తనది ఇటిక్యాల అన్నాడు. ఎక్కడికి, ఎవరింటికి, ఏం పని మీద అని ఒక్కొక్కటే అడిగాడు. నేను చుట్టాలింటికన్నాను. నాగమణి అదే సమయంలో గుడికంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. కృష్ణ మీద వంతెన దాటుతుంటే ఫోనులో ఎవరితోనో "ఆ, ఇద్దరే. వస్తుండ్రు" అన్నాడు. అది మా గురించేనా? ఇప్పటికీ తెలియదు. నాగమణి మాత్రం సంచీని ఒళ్లోకి లాక్కుంది. ఆ ప్రయాణంలో మొదటిసారి మేమిద్దరం ఒకే మనిషిని అనుమానించాం.

వనపర్తిలో బాలకిష్టయ్య కొట్టు ముందు దిగేసరికి ఆయన మాకోసం రెండు కుర్చీలు వేసి ఉంచాడు.

"రాండ్రి అమ్మా. తెనాలోళ్లే గదా?"

మా ఊరి పేరు మేమింకా చెప్పలేదు. నేను గుమ్మంలోనే ఆగాను. తన పేరు చెప్పొద్దన్న తిమ్మన్నే ఫోన్ చేసి ఉండాలి. బాలకిష్టయ్య మాత్రం ఏమీ జరగనట్టు చాయ్ తెప్పించాడు. రెండు గుక్కల్లో అయిపోయే గ్లాసు, కానీ చిక్కగా, అల్లం ఘాటుతో బాగుంది. పది రూపాయలట. మా దగ్గరా అంతే గానీ ఇంత పాలు పొయ్యరు.

కొట్టు నిండా రైతులు. ఇక్కడ పల్లి చేలకు అడవి పందుల బెడద. వాటిని తరమడానికి కావలి ఉండేవాళ్లంతా దూరం కొట్టే టార్చి కోసం వస్తారు. ఒక ముసలాయన తన టార్చిని ఎదుటి మేడ మీదికి పట్టపగలే కొట్టి చూసి, "ఏంది, ఏం కనవడ్తలేదు" అని గొడవపడుతున్నాడు.

బాలకిష్టయ్య నా టార్చి వెనక మూత తిప్పి సెల్లు బయటికి తీశాడు. బంగారు రంగు కాగితం చుట్టిన లావుపాటి సెల్లు. దాని మీద అంకె చూసి నవ్వాడు.

"తొమ్మిదివేల తొమ్మిది వందలని రాసిండు. గీ సైజుల గంత తాకత్ ఎవ్వడు జెయ్యలేదమ్మా. మంచి సెల్లు మీద గిండ్ల మూడో వంతు ఉంటది, అంతే. నంబరు జూడొద్దు, బరువు జూడాలె." సొరుగులోంచి ఆకుపచ్చ సెల్లు ఒకటి తీసి ఇచ్చాడు. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిందట. "పక్కన బంగారం దుకాణముంది. తూకమేయించుకోండ్రి."

బంగారం కొట్టాయన మమ్మల్ని లోపలికి రానివ్వడానికే చాలాసేపు తటపటాయించాడు. ఇద్దరు ఆడవాళ్లు, ఊరు గాని ఊరు, చేతిలో ఏవో గొట్టాలు. "గవేంది? పేలుతయా?" అని అడిగాడు. పేలవని నేనెలా చెప్పను? చివరికి తనే దూరంగా నిలబడి, మమ్మల్నే తూచుకోమన్నాడు. మా బంగారు రంగు సెల్లు ఆ ఆకుపచ్చదాని బరువులో దాదాపు సగమే తూగింది. లోపల ఏముందో, ఏం లేదో.

అక్కడే నాగమణి తువ్వాలు విప్పింది. నేను అడగలేదు. నలుపెక్కిన గొట్టం, పగిలిన అద్దం, చీలిన సెల్లు. కాలగా మిగిలిన అంచు మీద కాగితం చిన్న ముక్క అతుక్కుని ఉంది. బంగారు రంగు. అదే అచ్చు, చివరి రెండు సున్నాలు కూడా కనిపిస్తున్నాయి.

"చూశారుగా. మేం మార్చలేదు" అంది. నేనేమనుకుంటున్నానో ఆమెకు మొదటి నుంచీ తెలుసన్నమాట. నాకు తలెత్తాలంటే సిగ్గేసింది.

తిరిగి వచ్చి ఆకుపచ్చ సెల్లు ఇచ్చేస్తుంటే నాగమణి నా మోచెయ్యి గిల్లింది. కౌంటరు అద్దం కింద, లైటర్ల వెనక, అవే బంగారు రంగు సెల్లులు ఒక పెట్టెడున్నాయి.

"ఇవి దొంగవని ఇప్పుడే కదా చెప్పారు?" అన్నాను.

బాలకిష్టయ్య ముఖంలో ఏ మార్పూ లేదు. "అడిగినోళ్లకు అమ్ముతం. నేను వద్దంటె పక్క దుకాణంల కొంటడు. జనానికి పెద్ద నంబరు గావాలె." ఆ టార్చిలు మాత్రం తను చెయ్యడంలేదని, నాగర్‌కర్నూల్ దగ్గర ఎస్తేరమ్మ అనే ఆమె షెడ్డులో బిగిస్తారని చెప్పాడు. మొత్తం నేరం అక్కడిదేనన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం లాడ్జి కింది మెస్సులో జొన్నరొట్టె, పుంటికూర తిన్నాం. పుంటికూరంటే మన గోంగూరే. రొట్టె మీద రొట్టె వేస్తూ "ఇంకొకటి, ఇంకొకటి" అంటూనే ఉంది వడ్డించే ఆవిడ, రొట్టెకు ఇంతని లెక్క లేదు. అన్నం లేకుండా భోజనం అయిపోవడం నాకు కొత్త. నాగమణి తన రొట్టె తుంచబోయి ఆగి, "ఆయనకు నేను కలిపి పెడితే తప్ప తినలేకపోతున్నాడండీ" అంది. సంచీ మాత్రం ఆ పూట కూడా తన తలకిందే పెట్టుకుంది.

నాగర్‌కర్నూల్: షెడ్డులో

దారి పొడుగునా పాలమూరు ఎర్రనేల, మధ్యమధ్య నల్లరాళ్ల గుట్టలు, పచ్చటి పల్లి చేలు. నాగర్‌కర్నూల్‌లో ఆటో అతను షెడ్డు పేరు వినగానే "బ్యాటరీల ఎస్తేరమ్మ కాడికా?" అని తిన్నగా తీసుకెళ్లాడు. ఏదో రహస్యపు అడ్డా అనుకుని వెళ్లినదాన్ని. తలుపులు బార్లా తెరిచి, గోడ మీద శిలువ, కింద బల్లల ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు టార్చిలు బిగిస్తున్నారు.

ఎస్తేరమ్మది ఉప్పునుంతల. పెళ్లయిన కొత్తలో మట్టిపనికి బొంబాయి పోయి, అక్కడ టార్చిలు బిగించే పనిలో కుదురుకుని, చాలా ఏళ్లకు తిరిగొచ్చి ఇది పెట్టుకుంది. నలభై దాటిన మనిషి, మాట కరుకు. విషయం చెప్పగానే నా టార్చి తీసుకుని వెనక మూత విప్పింది. సెల్లు జారి చేతిలో పడగానే దాన్ని తీసుకెళ్లి వాకిట్లో బండ మీద పెట్టొచ్చింది.

"గీ సెల్లు మాది గాదు."

"గద్వాలలో కూడా ఇదే మాటన్నారు" అంది నాగమణి.

ఎస్తేరమ్మకు కోపమొచ్చింది. మూలన పార్సిలుకు సిద్ధంగా, టేపు వేసి ఉన్న అట్టపెట్టెను చూపించింది. "నువ్వే ఇప్పు. నీ ఇష్టమున్నది తియ్యి."

నాగమణి టేపు చింపి, పైవి వదిలేసి అడుగు నుంచి ఒకటి లాగింది. మూత తిప్పింది. లోపల సెల్లు లేదు. నల్లటి ప్లాస్టిక్ చట్రం ఒకటి ఉంది, చిన్న డోలు లాగా, మూడు అరలతో ఖాళీగా.

"దీంట్ల మూడు సన్న సెల్లులు పడ్తయ్. ఏ దుకాణంలనన్న దొరికేటియి" అంది ఎస్తేరమ్మ. "చట్రం తీసేస్తె లావు సెల్లు గూడ పడ్తది, నిజమే. గని నేను ఎయ్య. ఛార్జింగ్ సెల్లులు పార్సిలోళ్లు తీస్కోరు. బొంబాయిల మా పక్క షెడ్డు గిట్లాంటి సెల్లులతోనే కాలింది. ఆ వాసన నా ముక్కుల్ల ఇంకా ఉంది."

"మరి ఇండియాలో తయారైందని మీరే కదా అచ్చేశారు?" అని అడిగాను. ఎక్కడో ఒకచోట ఆమెను పట్టుకోవాలని ఉంది నాకు.

ఆమె నాగమణి వైపు కాకుండా నా వైపు తిరిగి, "గొట్టం, లైటు బుగ్గ ఢిల్లీ నుంచి వస్తయ్. ఢిల్లోళ్లకు చైనా నుంచి వస్తయ్. బిగించుడు మాది. తప్పంటె తప్పే, చెయ్యి గాల్చే తప్పు మాత్రం జెయ్యలే" అంది.

నేను ఆ మాటలు సగమే విన్నాను. నా కళ్లు ఆ నల్ల ప్లాస్టిక్ చట్రం మీదే ఉన్నాయి. అలాంటివి నేను చూశాను. మా కొట్టు వెనక గోడౌనులో, ఒక గోతాం నిండా. ఏమిటివని అడిగితే "చెత్త, పారేయాలి" అన్నారు మావారు.

"అంటే ఏజెంటు మధ్యలో పెట్టాడా?" అని నాగమణి నన్నే అడిగింది.

ఆ క్షణంలో అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. ఏజెంటు ఫోను ఎత్తడు. గోతాం సంగతి నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. ఫోను తీసి, స్పీకరు పెట్టి, ఇంటికి కలిపాను.

"ఏమండీ, టార్చిల్లో సెల్లులు ఎవరు పెట్టారు?"

"చెప్పానుగా, అలాగే..."

"నల్ల చట్రాలు గోతాం నిండా మన గోడౌన్లో ఉన్నాయి."

"ఆ అమ్మాయి పక్కనే ఉందా?" అన్నారు.

"ఉంది. వింటోంది."

"మూడేసి సెల్లులు కొనాలంటే ఎవరూ తీసుకోవడంలేదు రాజ్యం. ఛార్జింగుదైతే ఎగబడి కొంటున్నారు. ఆ సెల్లుల మీద అంత పెద్ద అంకె ఉంటే మంచివే అనుకున్నాను."

"మరి ఆ రోజు నాకెందుకు అబద్ధం చెప్పారు?"

"భయమేసింది."

నాగమణి నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "భయమేసిందా అండీ?" అంది. గొంతు పెంచలేదు. "డాక్టరు అడిగాడు, లోపల ఏ సెల్లుందని. మీ కొట్టుకొచ్చి అడిగాను. సెల్లుతో సహా అలాగే వచ్చిందన్నారు." ఫోను నాకిచ్చేసి బయటికెళ్లి వేపచెట్టు నీడలో కూర్చుంది.

కాసేపటికి నేనూ వెళ్లాను. "మీకు ముందే తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "తెలిస్తే నన్ను ఇక్కడి దాకా తీసుకొచ్చేవారా?"

తీసుకొచ్చేదాన్నని చెప్పాలనుకున్నాను. ఆమె జవాబు కోసం ఆగలేదు.

ఎస్తేరమ్మ రెండు పళ్లేలు తెచ్చి మా మధ్య పెట్టింది. ఉడకబెట్టిన పచ్చి పల్లికాయ, రొట్టె, ఎర్రకారం. "తినుండ్రి మొదలు. కోపం యాడికి వోదు" అంది. తిన్నాం. ఎవరి పళ్లెంలో వాళ్లం చూసుకుంటూ తిన్నాం.

తెనాలిలో

తిరుగు ప్రయాణంలో ఆమె వేరే సీటు చూసుకుంది. ఇంటికి చేరాక నేను మావారితో ఆ రాత్రి ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. మర్నాటి నుంచి ఇద్దరం వీధివీధీ తిరిగి టార్చిలు వెనక్కి తీసుకున్నాం. జనం సులువుగా నమ్ముతారా? "మంచివి తీసేసుకుని నాసివి అంటగడుతున్నారా?" అన్నవాళ్లున్నారు. ఒకాయనైతే "ఇంత మంచి లైటు ఛస్తే ఇవ్వను" అని తలుపేసుకున్నాడు. మూడుసార్లు తిరిగితే నాలుగోసారి భార్య తెచ్చిచ్చింది. తిరిగొచ్చిన సెల్లులన్నీ ఇసుక బకెట్లలో పెట్టి, గుంటూరులో అలాంటివి తీసుకునే వాళ్లకు అప్పగించాం. అందరివీ వచ్చాయని మాత్రం చెప్పలేను.

శ్రీను వైద్యం మేమే చేయిస్తున్నాం. అయినా నాగమణి మా కొట్టు మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది. షెడ్డులో నేను చూసిందీ, ఫోనులో మావారు అన్నదీ ఉన్నదున్నట్టు చెప్పి సంతకం పెట్టాను. మా బంధువుల్లో కొందరు నాతో మాట్లాడటంలేదు. మావారు మాట్లాడుతున్నారు, కానీ నేను గోడౌనులోకి వెళ్తే తనూ వెనకే వస్తారు. ఏమన్నా దాచారని నేను, ఏం వెతుకుతున్నానని ఆయన.

మొన్న శ్రీను కొట్టుకొచ్చాడు. మళ్లీ యార్డుకు పోతున్నాడు, బస్తాలు మొయ్యడానికి కాదు, కాయ ఏరడానికి. వెనక నాగమణి ఉంది. వేకువన నడవడానికి టార్చి కావాలన్నాడు. డ్రైసెల్లుదొకటి తీసి కౌంటరు మీద పెట్టాను. కొనేముందు లోపల చూడాలన్నాడు. కుడిచేతి వేళ్లు ఇంకా పూర్తిగా ముడవడంలేదు. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని ఎడంచేత్తో మూత తిప్పబోయాడు. జారింది. నేను చెయ్యి చాచాను. అతను ఇవ్వలేదు, కొంచెం పక్కకు తిరిగి మళ్లీ పట్టుకున్నాడు. నాగమణి కూడా సాయం పట్టలేదు. వెనక ఇద్దరు కొనుగోలుదార్లు ఎదురుచూస్తున్నారు. మావారు గోడౌను గుమ్మంలో ఆగిపోయారు. మూత ఊడాక సెల్లులు కౌంటరు మీద ఒంపి, ఎడంచేత్తో ఒక్కొక్కటే తిప్పి చూసుకుని, అప్పుడు జేబులోంచి డబ్బు తీశాడు.